తుఫాను గుర్తు ఎగురవేసిన అడ్మిరల్

జనవరి నెలలో అమెరికా తూర్పు తీరాన ఉన్న మనవాళ్లకు ఫోను చేస్తే, కుశలప్రశ్నలు అయ్యాక మొదట వినిపించే మాట మంచు గురించే. బోస్టన్, న్యూయార్క్, న్యూజెర్సీ తీరాలకు ఈశాన్యపు గాలితో వచ్చే పెద్ద మంచు తుఫాను ఇంకా సముద్రం మీద పుట్టకముందే అక్కడ దాని గురించి చర్చ మొదలవుతుంది. అమెరికావారి లెక్క ఒకటి చెబుతుంది, యూరప్‌వారి లెక్క మరొకటి చెబుతుంది. నాలుగు అంగుళాలా, రెండడుగులా అని రాత్రంతా మేలుకొని పటాలు చూసే ఉత్సాహవంతులు ఉన్నారు. దుకాణాల్లో పాలు, రొట్టెలు అయిపోతాయి. ఆదివారం ఆరాధన మందిరంలోనా, ఇంటి నుంచా అని పాస్టరుగారు శనివారం రాత్రి దాకా తేల్చుకోలేరు. మంచు నిధులలోనికి నీవు ప్రవేశించావా అన్న భావంతో దేవుడు యోబును అడిగిన ప్రశ్న ఆ రాత్రి చాలామందికి గుర్తొస్తుంది.

రేపటి వాతావరణాన్ని ఈరోజే చెప్పి తీరంలో ఉన్నవారిని హెచ్చరించవచ్చునని, అది మనిషి చేయవలసిన పని అని మొట్టమొదట నమ్మి, ఆ నమ్మకం కోసం ఆస్తిని, ఆరోగ్యాన్ని, చివరికి మనశ్శాంతిని పోగొట్టుకున్న మనిషి ఒకడున్నాడు. ఆయన పేరు రాబర్ట్ ఫిట్జ్‌రాయ్. డార్విన్ ఎక్కిన ఓడకు కెప్టెనుగా మాత్రమే పాఠ్యపుస్తకాలు ఆయనను గుర్తుపెట్టుకున్నాయి. ఆయన జీవితంలో అది ఐదేళ్ల ముచ్చట. మిగిలిన కథ అంతకంటె పెద్దది.

1805 జూలై 5న ఇంగ్లాండులోని సఫోక్ ప్రాంతంలో, ఆంప్టన్ హాల్ అనే భవనంలో ఆయన పుట్టాడు. తండ్రి వైపున రాజు రెండో చార్లెస్ వంశం. కావలసినంత సంపద, పలుకుబడి ఉన్న కుటుంబం. పన్నెండేళ్లకే ఆ బాలుణ్ణి పోర్ట్స్‌మత్‌లోని నౌకాదళ కళాశాలకు పంపించారు. తర్వాత లెఫ్టినెంటు పరీక్షలో పూర్తి మార్కులు తెచ్చుకున్నాడు, అంతకు ముందు ఎవరికీ అన్ని మార్కులు రాలేదు. అయితే ఆ ఇంటి మీద ఒక నీడ కూడా ఉంది. ఆయన మేనమామ లార్డ్ కాసిల్‌రే బ్రిటన్ విదేశాంగ మంత్రి. 1822లో, అధికారంలో ఉండగానే, మనసు చెదిరి ఆత్మహత్య చేసుకున్నాడు. అప్పటికి ఫిట్జ్‌రాయ్ వయసు పదిహేడేళ్లు. ఆ భయం జీవితాంతం ఆయనను వదలలేదు.

1828లో దక్షిణ అమెరికా కొసన, మెగలాన్ జలసంధిలో సర్వే చేస్తున్న బీగిల్ అనే చిన్న ఓడ కెప్టెను ప్రింగిల్ స్టోక్స్, ఆ చలికీ ఒంటరితనానికీ తట్టుకోలేక తుపాకీతో కాల్చుకొని చనిపోయాడు. ఆ ఓడను ఇరవైమూడేళ్ల ఫిట్జ్‌రాయ్‌కు అప్పగించారు. మరుసటి నెలలోనే, 1829 జనవరి 30న, ఉరుగ్వే తీరంలోని మాల్దొనాదో దగ్గర ఆయనకు మరిచిపోలేని పాఠం ఎదురైంది. ఆ తీరంలో పాంపేరో అనే గాలి మైదానాల మీదుగా ఒక్కసారిగా విరుచుకుపడుతుంది. ఆ రోజు బారోమీటరులో పాదరసం దిగిపోతూనే ఉంది. యువ కెప్టెను దాన్ని చూశాడు గాని తెరచాపలు సకాలంలో దింపించలేదు. గాలి కొట్టిన దెబ్బకు ఓడ పక్కకు ఒరిగింది, కొయ్యలు విరిగాయి, పైన ఉన్న ఇద్దరు నావికులు సముద్రంలో పడి మునిగిపోయారు. తప్పు తనదేనని ఆయన ఎన్నడూ దాచుకోలేదు. తర్వాతి కాలంలో బీద జాలరిపల్లెల గోడలకు బారోమీటర్లు పెట్టించడానికి ఆయన పడిన తపన వెనుక ఆ ఇద్దరూ ఉన్నారని నాకు అనిపిస్తుంది.

ఆ మొదటి ప్రయాణంలోనే ఇంకొక పని చేశాడు. దాన్ని సమర్థించడం కష్టం. తియెర్రా దెల్ ఫుయేగో ద్వీపవాసులు తమ పడవను దొంగిలించారని, అక్కడివారిలో కొందరిని పట్టుకొని చివరికి నలుగురిని ఇంగ్లాండుకు తీసుకొచ్చాడు. ఒక ముత్యపు చిప్ప గుండీ ఇచ్చి తెచ్చినందుకు వారిలో ఒక కుర్రవానికి జెమ్మీ బటన్ అనే పేరు పడింది. ఒకడు మశూచితో చనిపోయాడు. మిగిలిన ముగ్గురిని చర్చి మిషనరీ సొసైటీవారి సహాయంతో వాల్తమ్‌స్టో అనే ఊళ్లో బడిలో వేశాడు. వారికి ఇంగ్లీషు, సేద్యం, క్రైస్తవ విశ్వాసంలోని మొదటి పాఠాలు నేర్పించి, తిరిగి సొంత ప్రజల మధ్యకు పంపాలన్నది ఆయన తలంపు. ఖర్చంతా తనదే. ఉద్దేశం మంచిదే. అయితే అడగకుండా ఎత్తుకొచ్చిన మనుషులకు చేసిన మేలు అది. ఆ రెండూ కలిసే ఉన్నాయి.

వారిని వెనక్కి దింపడం కూడా 1831 డిసెంబరు 27న బయలుదేరిన రెండో ప్రయాణపు ఉద్దేశాల్లో ఒకటి. స్టోక్స్ గతి తనకు పట్టకూడదని, భోజనపు బల్ల దగ్గర మాట్లాడడానికి చదువుకున్న తోడు ఒకరు కావాలని ఆయన అడిగితే దొరికినవాడు, పాస్టరు కావడానికి చదువుతూ ఉన్న చార్లెస్ డార్విన్. ఇద్దరూ ఒకే గదిలో భోంచేశారు. బానిసత్వం గురించి తగాదా పడ్డారు, మళ్లీ కలిశారు. ఓడలో ఇరవైరెండు క్రోనోమీటర్లు ఉన్నాయి, కొన్నింటిని కెప్టెనే తన డబ్బుతో కొన్నాడు. గాలి బలాన్ని అంకెలతో రాసే బ్యూఫోర్ట్ పద్ధతిని ఆ ప్రయాణంలో రోజూ వాడారు. 1833 జనవరిలో కేప్ హార్న్ దగ్గర మూడు పెద్ద అలలు వరుసగా వచ్చి ఓడను దాదాపు బోర్లా వేశాయి. అదే నెలలో వూలాయా అనే చోట ఆ ముగ్గురినీ, వారితోపాటు రిచర్డ్ మాథ్యూస్ అనే యువ మిషనరీనీ దింపారు. కొద్దిరోజులకే మాథ్యూస్ సామాను దోపిడీ అయింది, ప్రాణానికి ముప్పు వచ్చింది. అతణ్ణి తిరిగి ఓడ ఎక్కించుకోవలసి వచ్చింది. మరుసటి ఏడాది మళ్లీ వెళ్లి చూస్తే జెమ్మీ బక్కచిక్కి, బట్టలు లేకుండా, తన పాత జీవితంలో ఉన్నాడు. ఇంగ్లాండుకు రమ్మంటే రానన్నాడు.

సర్వే పని చాలక రెండో ఓడను ఫిట్జ్‌రాయ్ సొంత డబ్బుతో కొన్నాడు. నౌకాదళ కార్యాలయం ఆ ఖర్చు ఇవ్వనన్నది, ఓడను అమ్మేయవలసి వచ్చింది. మనసు విరిగి పదవికి రాజీనామా కూడా రాశాడు. తోటి అధికారులు నచ్చజెప్పి ఆపారు. ఇలా కుంగిపోవడం, మళ్లీ లేచి రెట్టింపు పని చేయడం ఆయనకు చివరిదాకా ఉన్న తీరు.

1836లో తిరిగివచ్చి మేరీ ఓబ్రయన్‌ను వివాహం చేసుకున్నాడు. ఆమె గాఢమైన విశ్వాసి. సముద్రం మీద కొన్ని సందేహాలతో ఊగిసలాడిన ఆయన, పెండ్లి తర్వాత లేఖనంలోని ప్రతి అక్షరాన్నీ పట్టుకున్నాడు. 1839లో అచ్చయిన తన ప్రయాణ గ్రంథంలో నోవహు కాలపు జలప్రళయం గురించి ఒక అధ్యాయమే చేర్చాడు. కొంతకాలం పార్లమెంటు సభ్యుడు. 1843లో న్యూజీలాండ్ గవర్నరుగా వెళ్లాడు. ఆయన అక్కడికి చేరకముందే వైరావు అనే చోట భూమి తగాదాలో వలసదారులు, మావోరీలు కాల్చుకున్నారు, చాలామంది చనిపోయారు. విచారించి తప్పు వలసదారులదేనని ఫిట్జ్‌రాయ్ ముఖం మీద చెప్పాడు. తెల్లవారికి కోపం వచ్చింది. ఖజానా ఖాళీ, సైన్యం లేదు, లండన్‌కు ఫిర్యాదుల మీద ఫిర్యాదులు వెళ్లాయి. 1845లో ఆయనను వెనక్కి పిలిపించారు. గవర్నరుగా ఆయన చాతుర్యం తక్కువే కావచ్చు. ఆ తీర్పు మాత్రం న్యాయమైనదే.

1852లో మేరీ చనిపోయింది. ఆస్తి చాలావరకు కరిగిపోయింది. ఆ స్థితిలో 1854లో, నలభైతొమ్మిదేళ్ల వయసులో, ప్రభుత్వ వర్తక మండలిలో ఒక చిన్న కొలువు దొరికింది. ఓడల కెప్టెన్ల దగ్గర నుంచి గాలులు, ఉష్ణోగ్రతల వివరాలు సేకరించి పట్టికలు వేయాలి. చేతికింద ముగ్గురు గుమాస్తాలు. భవిష్యత్తు చెప్పమని ఎవరూ అడగలేదు. నేడు ప్రపంచంలో పేరున్న బ్రిటన్ వాతావరణ శాఖ ఆ నాలుగు కుర్చీల దగ్గర మొదలైంది.

పట్టికలతో ఆయనకు తృప్తి కలగలేదు. ఆ కాలంలో బ్రిటన్ తీరాల్లో ఏటా వందల ఓడలు పగిలిపోయేవి. తుఫాను ఒక రేవును కొట్టి మరో రేవుకు చేరేలోగా టెలిగ్రాఫ్ తంతి మీద వార్త ముందే చేరుతుంది కదా అని ఆయన ఆలోచన. గాలి గంటకు అరవై మైళ్లు పరుగెత్తినా తంతిని దాటలేదు.

1859 శరత్కాలం వచ్చింది. అక్టోబరు 25 రాత్రి మొదలైన పెనుగాలిలో, ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ నుంచి బంగారు గనుల సంపాదనతో ఇళ్లకు తిరిగివస్తున్న వారిని మోసుకొస్తున్న రాయల్ చార్టర్ అనే ఆవిరి ఓడ, లివర్‌పూల్‌కు కొన్ని గంటల దూరంలో, ఆంగిల్‌సీ ద్వీపపు రాళ్లకు కొట్టుకొని తెల్లవారేసరికి ముక్కలైంది. సుమారు 450 మంది చనిపోయారు. నలభైమంది దాకా బ్రతికారు. ఆ ఒక్క తుఫానులో 133 ఓడలు, దాదాపు 800 ప్రాణాలు పోయాయి. ఆ తీరాన లాన్‌అల్గో అనే చిన్న పల్లెలో స్టీఫెన్ రూస్ హ్యూస్ అనే పాస్టరు ఉండేవాడు. కొట్టుకొచ్చిన శవాలను తన చర్చిలో వరుసగా పడుకోబెట్టి, బట్టల మీది అక్షరాలు, పచ్చబొట్లు చూసి గుర్తులు రాసుకొని, 140 మందిని పాతిపెట్టాడు. బంధువులకు వెయ్యికి పైగా ఉత్తరాలు తన చేత్తో రాశాడు. చార్లెస్ డికెన్స్ అక్కడికి వెళ్లి ఆయనను చూసి దాని గురించి రాశాడు. ఆ శ్రమ ఆ పాస్టరును కూడా తినేసింది, 1862లో చనిపోయాడు. తుఫానులో చనిపోయినవారి లెక్కల్లో ఆయన పేరు ఉండదు.

ఆ గాలి ఎలా పుట్టి ఎలా కదిలిందో, లైట్‌హౌసుల నుంచీ రేవుల నుంచీ వివరాలు తెప్పించి, గంట గంటకు ఎక్కడ ఉందో ఫిట్జ్‌రాయ్ పటాలు గీశాడు. వివిధ చోట్ల ఒకే సమయంలో తీసిన కొలతలను ఒకే పటం మీద చేర్చే ఆ పద్ధతికి ఆయన పెట్టిన పేరు సినాప్టిక్. మత్తయి, మార్కు, లూకా సువార్తలను పక్కపక్కన పెట్టి చదివేటప్పుడు వేదపండితులు వాడే మాటే అది. ఆ తుఫాను ఉన్నట్టుండి ఊడిపడలేదని, ముందే కనిపెట్టి తీరాన్ని హెచ్చరించి ఉండవచ్చునని ఆ పటాలు చూపించాయి. ప్రభుత్వం ఒప్పుకుంది.

ఆ శరత్కాలంలోనే ఆయనకు మరో రెండు దెబ్బలు తగిలాయి. నవంబరు 6, ఆదివారం నాడు వూలాయాలో ఆరాధనకు కూడుకున్న మిషనరీ ఓడవారిని ద్వీపవాసులు చంపేశారు. ఎనిమిదిమంది చనిపోయారు. ఆ పనిలో జెమ్మీ బటన్ చేయి ఉందన్న నింద నెలల తర్వాత లండన్ చేరింది. నవంబరు 24న డార్విన్ జీవజాతుల పుట్టుక గ్రంథం వెలువడింది. తాను ఐదేళ్లు తన బల్ల దగ్గర కూర్చోబెట్టి అన్నం పెట్టిన మనిషి, తన ఓడ మీద పోగుచేసిన సాక్ష్యంతోనే తన విశ్వాసానికి గొడ్డలి పెట్టాడని ఫిట్జ్‌రాయ్ భావించాడు. 1860 జూన్ చివర ఆక్స్‌ఫర్డులో శాస్త్రజ్ఞుల సభ జరిగింది. ముందురోజు ఆయన తుఫానుల మీద తన పత్రం చదివాడు. మరునాడు హక్స్‌లీకీ బిషప్ విల్బర్‌ఫోర్స్‌కీ జరిగిన పేరుపడ్డ వాదంలో, లేచి నిలబడి బైబిలును పైకెత్తి, మనిషి మాటకంటె దేవుని మాట నమ్మమని సభను బ్రతిమాలాడు. జనం గోల చేసి కూర్చోబెట్టారు. విశ్వాసం వేరు, విజ్ఞానం వేరు అని ఆయన అనుకోలేదు. ముందురోజు చదివిన పత్రం, మరునాడు ఎత్తిన గ్రంథం ఆయనకు ఒకే దేవునివి. సభకు మాత్రం ఆయన ఒక పాతకాలపు ముసలి నావికుడిలా కనబడ్డాడు.

తీరంలోని పదిహేను దాకా స్థానాల నుంచి ఉదయాన్నే తంతి వార్తలు లండన్ చేరడం మొదలైంది. ప్రమాదం అనిపిస్తే రేవుకు తంతి వెళ్తుంది. రేవులో ఎత్తైన కొయ్యకు నల్లటి గుడ్డతో చేసిన శంకువు ఎగురవేస్తారు. మొన పైకి ఉంటే ఉత్తరపు గాలి, కిందికి ఉంటే దక్షిణపు గాలి. దానితో డోలు ఆకారం కూడా కట్టితే మహా ప్రమాదం. రాత్రిపూట అదే ఆకారంలో దీపాలు. చదువురాని జాలరికి కూడా అర్థం కావాలన్నది ఆయన పట్టుదల. విశాఖపట్నం, కాకినాడ, మచిలీపట్నం రేవుల్లో ఇప్పటికీ తుఫానుకు ముందు ఒకటో నంబరు, మూడో నంబరు అంటూ ఎగరేసే ప్రమాద సూచికలు ఆ కోవలోవే.

తొలి హెచ్చరిక 1861 ఫిబ్రవరి 6న వెళ్లింది. ఈశాన్య తీరాన టైన్ నది రేవుల్లో దాన్ని లెక్కచేయక ఓడలు బయలుదేరాయి. 8, 9 తేదీల్లో చలికాలపు పెనుతుఫాను ఆ తీరాన్ని తుడిచిపెట్టింది. విట్బీ అనే ఊళ్లో లైఫ్‌బోటువాళ్లు ఒకే రోజు ఐదుసార్లు సముద్రంలోకి వెళ్లి, పగిలిన ఓడల వారిని ఒడ్డుకు తెచ్చారు. ఆరోసారి పడవ బోల్తాపడింది. పదముగ్గురిలో పన్నెండుమంది, ఊరంతా ఒడ్డున నిలబడి చూస్తుండగానే, మునిగిపోయారు. కొత్తరకం బెండు కోటు తొడుక్కున్న హెన్రీ ఫ్రీమన్ ఒక్కడే మిగిలాడు. హెచ్చరిక చెప్పడం సగం పనే, నమ్మించడం మిగతా సగం అని ఆ వారంలో ఫిట్జ్‌రాయ్‌కు తెలిసింది.

అదే ఏడాది ఆగస్టు 1న టైమ్స్ పత్రికలో రాబోయే వాతావరణం అచ్చయింది. ప్రజల కోసం రోజూ అచ్చువేసే సూచనలకు అదే మొదలు. దానికి పేరు పెట్టేటప్పుడు ఆయన చాలా ఆలోచించాడు. ప్రవచనం అనలేదు. ఆ మాట ప్రవక్తలది. జోస్యం అనలేదు. అది పంచాంగాలు అమ్ముకునేవారిది. లెక్కలు చూసి, తర్కించి చెప్పే ఒక అభిప్రాయం మాత్రమే అన్న అర్థంలో ఫోర్‌కాస్ట్ అన్న మాటను వాడుకలోకి తెచ్చాడు. నేడు అందరి నోటా ఉన్న మాట అది. తనది తప్పు కావచ్చునన్న వినయం ఆ పేరులోనే పెట్టాడు. విన్నవారు దాన్ని గమనించలేదు. విక్టోరియా రాణి కూడా వైట్ ద్వీపానికి దాటేముందు సముద్రం ఎలా ఉంటుందో కనుక్కోమని ఆయన ఇంటికి మనుషులను పంపేది. వాన పడదన్నరోజు పడితే జనం నవ్వారు. పిక్నిక్ పాడైనవారు, గుర్రపు పందేలకు వెళ్లి తడిసినవారు ఉత్తరాలు రాశారు. తన సూచనలను అచ్చువేస్తున్న టైమ్స్ పత్రికే, పొరపాట్లకు తమ పూచీ లేదని దెప్పిపొడుస్తూ రాసింది. చేపల పడవల యజమానులకు ఇంకో కోపం. శంకువు ఎగిరితే జాలరులు పడవలు తీయరు, ఆ రోజు రాబడి పోతుంది. పార్లమెంటులో తంతుల ఖర్చు ఎంత అని అడిగారు. సిద్ధాంతం లేకుండా ఊహలు చెబుతున్నాడని శాస్త్రజ్ఞులు పెదవి విరిచారు.

వారి మాటలో కొంత నిజం లేకపోలేదు. నేడు ఉపగ్రహాలు, మహా కంప్యూటర్లు ఉండి కూడా తీరపు మంచు తుఫాను యాభై మైళ్లు పక్కకు జరిగితే లెక్కంతా తారుమారు అవుతుంది. ఆయన దగ్గర పదిహేను తంతులు, ఒక పెన్సిలు మాత్రమే ఉన్నాయి. అయినా ఆ శంకువును చూసి ఎందరు ఒడ్డున ఆగి బ్రతికారో ఎవరు లెక్కపెట్టగలరు? మునిగినవారికే లెక్క ఉంటుంది.

ఆ ఎగతాళి సాగుతున్న రోజుల్లోనే, 1864 అక్టోబరు 5న కలకత్తాను, నవంబరు 1న మన బందరును తుఫానులు కొట్టాయి. బందరు ఉప్పెనలో సుమారు ముప్పైవేలమంది ఒక్క రాత్రిలో పోయారని అంచనా. జెమ్మీ బటన్‌ను చదివించడానికి సాయపడిన చర్చి మిషనరీ సొసైటీయే రాబర్ట్ నోబుల్‌ను బందరుకు పంపింది, ఆయన అప్పటికి అక్కడే బడి నడుపుతున్నాడు. ఆ రాత్రి మన తీరాన ఏ కొయ్య మీదా ఏ శంకువూ ఎగరలేదు. మన దేశానికి వాతావరణ శాఖ 1875లో గాని రాలేదు.

ఫిట్జ్‌రాయ్ ఆ వేళకు బాగా అలిసిపోయాడు. చెవి సరిగా వినపడేది కాదు. నిద్ర పట్టేది కాదు. డాక్టర్లు పని మానమన్నారు. లండన్ శివారులోని అప్పర్ నార్వుడ్‌కు ఇల్లు మార్చారు. అక్కడా ఆగలేక మళ్లీ మళ్లీ కార్యాలయానికి బయలుదేరేవాడు, వెనక్కి వచ్చేవాడు. ఆయన కింద పనిచేసిన పాత లెఫ్టినెంటుకు తాను కోరుకున్న పదవి వెళ్లింది. సొంత డబ్బు ఆరువేల పౌండ్లకు పైగా ప్రజల పనికి ఖర్చయిపోయింది. 1865 ఏప్రిల్ 30, ఆదివారం ఉదయం, చర్చికి వెళ్లవలసిన వేళ, కూతురిని ముద్దు పెట్టుకొని, పక్క గదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నాడు. మేనమామ దారినే వెళ్లిపోయాడు. ఆయనకు యాభైతొమ్మిదేళ్లు.

ఈ ముగింపును బట్టి ఆయన విశ్వాసాన్ని తూచేవారు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉంటారు. ఏలీయా బదరీచెట్టు కింద కూర్చొని తన ప్రాణం తీసుకోమని దేవుణ్ణి అడిగినప్పుడు, దేవుడు అతనితో వాదించలేదు. నిద్రపోనిచ్చాడు, లేపి రొట్టె తినిపించాడు. మనసుకు జబ్బు చేసిన మనిషి పక్కన నిలబడడం ఆనాటి వైద్యానికీ రాలేదు, సంఘానికీ రాలేదు. మనకు వచ్చిందా అన్నది మన సంఘాల్లో ఈ మధ్య జరిగిన సమాధులను తలచుకొని ఎవరికి వారు చెప్పుకోవలసిందే.

ఆయన అప్పులు బయటపడ్డాక స్నేహితులు చందాలు పోగుచేశారు. విశ్వాస విషయంలో ఆయనను అంత నొప్పించిన డార్విన్ వంద పౌండ్లు ఇచ్చాడు. ప్రభుత్వం మూడువేలు ఇచ్చింది. రాణి ఆ విధవరాలికీ కూతురికీ హాంప్టన్ కోర్టు భవనంలో వసతి ఇచ్చింది.

ఆ వెంటనే ఒక సంఘం వేసి ఆయన పనిని పరిశీలించారు. శాస్త్రీయ ఆధారం చాలదని తేల్చి, 1866 డిసెంబరులో శంకువులు దించేశారు. అప్పుడు రేవుల నుంచి ఉత్తరాలు రావడం మొదలైంది. ఓడల కెప్టెన్లు, తీర గ్రామాలవాళ్లు, నిన్నటిదాకా నవ్విన ఊళ్లవాళ్లు, మా శంకువులు మాకు కావాలన్నారు. 1867లో మళ్లీ ఎగరేశారు. పత్రికల్లో రోజువారీ సూచనలు తిరిగి రావడానికి మాత్రం 1879 దాకా పట్టింది.

బ్రిటన్ రేడియోలో ప్రతిరోజూ ఓడలవారి కోసం చుట్టూ ఉన్న సముద్ర భాగాలను ఒక్కొక్కటిగా పేరు పెట్టి పిలిచి, అక్కడి గాలినీ అలలనూ చెబుతారు. స్పెయిన్ వాయవ్య కొసకు ఆవల ఉన్న ఒక భాగానికి అంతవరకూ ఫినిస్టెర్ అన్న పేరుండేది. 2002 ఫిబ్రవరిలో ఆ పేరు మార్చారు. అప్పటి నుంచి అక్కడ పడవ నడిపే ప్రతివాడూ, బయలుదేరేముందు, ఫిట్జ్‌రాయ్ అన్న పేరు ఎప్పుడు వస్తుందా అని చెవి ఒగ్గి వింటాడు.